ఎండ చూసుకుని బయలుదేరు తల్లీ

చిరంజీవి అమ్మాయికి,

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ఉద్యోగంలో చేరాక, అక్కడి హీథర్ అనే పొట్టి పూల పొదల్లో పిల్లల్ని కనే బల్లిని చూడాలని ఉందని రాశావు. ఎంత సంతోషం వేసిందో! ఆ దేశంలో ఉన్నన్నాళ్లూ నాకు తీరిక దొరికితే చాలు, దాని కోసమే తిరిగేవాణ్ణి.

అది ఐర్లాండ్ నుంచి జపాన్‌లోని హొక్కైడో దాకా ఉంటుంది. ఉత్తరాన ఆర్కిటిక్ వృత్తం దాటి కూడా బతుకుతుంది. అంత చలిలో నేలలో గుడ్లు పెడితే పొదగడానికి వేడి చాలదు. అందుకే గుడ్లను కడుపులోనే ఉంచుకుని, తనే ఎండలోకీ నీడలోకీ మారుతూ వాటికి వేడి అందిస్తుంది. దక్షిణాన, ఫ్రాన్స్‌కీ స్పెయిన్‌కీ మధ్యనున్న పిరనీస్ కొండల వైపు, ఇదే జాతి బల్లులు ఇప్పటికీ గుడ్లు పెడతాయి. తల్లి ఎండతోనే కడుపులోని పిల్లలకి వేడి అందిస్తుందన్న సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా నడవడి అంతా నీకే అర్థమవుతుంది.

మిట్టమధ్యాహ్నం ఎండలో వెళ్లకు. అప్పటికి వాటి ఒళ్లు వేడెక్కిపోయి ఉంటుంది, కంట పడకుండా పారిపోతాయి. రాత్రి చల్లగా ఉండి, పొద్దున తొమ్మిది పది గంటలకు మబ్బు విడిచి ఎండ పడుతుంటే అదే సరైన సమయం. తూర్పుకో దక్షిణానికో తిరిగిన గట్లు, ఎండిన మొద్దులు, చెక్క కంచెలు మెల్లగా చూసుకుంటూ నడువు. పక్కటెముకలు విప్పి ఒళ్లంతా పలచగా పరిచి, ఆకులా అతుక్కుని కూర్చుంటుంది. ఒంటి వేడి 30 డిగ్రీల దగ్గరకొచ్చాక వేటకి కదులుతుంది. సాలీళ్లు, చిన్న పురుగులు దాని తిండి. నీ నీడ మాత్రం దాని మీద పడనివ్వకు. ఒకవేళ తుర్రుమన్నా టెన్షన్ పడకు, అక్కడే కదలకుండా నిలబడు. చాలాసార్లు కాసేపటికి అదే చోటికి తిరిగి వస్తుంది.

ఫిబ్రవరి చివర, మార్చిలో ముందు మగవే బయటికొస్తాయి. ఆడవి కొన్ని వారాల తర్వాత వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో జతకట్టేటప్పుడు మగది ఆడదాని పక్క భాగాన్ని నోటితో పట్టుకుంటుంది. ఆ పళ్ల గాట్లు తర్వాత కూడా కనబడతాయి, దెబ్బ తగిలిందని కంగారుపడకు.

జూన్, జులైలలో పొట్ట ఉబ్బిన తల్లి కనబడితే దూరంగానే ఆగిపో. ఫొటో కోసం దగ్గరికి జరగొద్దు. నువ్వు బెదరగొట్టినప్పుడల్లా అది ఎండ వదిలి నీడలో దాక్కుంటుంది, ఆ మేరకు కడుపులో పిల్లలకి వేడి తగ్గుతుంది. ఇది నీకు గట్టిగా చెబుతున్నాను.

చేత్తో అసలు పట్టుకోకు. తోక తెగిపోతుంది. మళ్లీ మొలుస్తుంది, నిజమే. కానీ చలికాలానికి దాచుకున్న కొవ్వు ఆ తోకలో ఉంటుంది. కావాలని గాయపరచడం అక్కడి 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా. పైగా అవే పొదల్లో యాడర్ అనే విషపు పాము ఎండకి పడుకుంటుంది. బూట్లు వేసుకో, చూడకుండా చెయ్యి పెట్టకు.

పిల్లలు జులై చివర, ఆగస్టులో పుడతాయి. పలచటి పొరలో చుట్టి వస్తాయి, దాన్ని చింపుకుని బయటపడతాయి. నాలుగు సెంటీమీటర్లు ఉంటాయేమో, దాదాపు నల్లగా ఉంటాయి. తల్లి వాటిని సాకదు, మొదటి రోజు నుంచే ఎవరి తిండి వాళ్లదే. అక్టోబరు వచ్చేసరికి అన్నీ నేల బొరియల్లోకీ, మొద్దుల కిందకీ చేరిపోతాయి. ఒంట్లో నీరు కొంత గడ్డకట్టినా తేరుకోగల శక్తి వీటికుంది. అందుకని చలికాలంలో మొద్దులు తిరగేసి వెతకొద్దు తల్లీ, ఆ నిద్ర చెడితే తట్టుకోలేవు.

పిల్లల్ని చూసిన తేదీ రాసిపెట్టు. ఆ వేసవి మబ్బుగా గడిచిందా, ఎండగా గడిచిందా అన్నది కూడా పక్కనే రాయి. పిల్లలు ఎప్పుడు పుడతాయన్నది దాన్ని బట్టే ముందు వెనకలవుతుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న