పార్ట్‌టైమ్ సిబ్బంది సెలవులను గంటల్లో లెక్కవేయడమే మేలు

తిరుపతిలోని మీ బట్టల దుకాణంలో ముగ్గురు పార్ట్‌టైమ్ వారున్నారని రాశారు. ఒకామె వారానికి ఆరు రోజులూ ఒంటిపూట, మరొకరు సోమ, మంగళ, బుధవారాలు మాత్రమే రోజంతా, మూడో ఆమె ఆ మూడు రోజులూ ఎనిమిదేసి గంటలు, గురువారం నుంచి శనివారం దాకా నాలుగేసి గంటలు పనిచేస్తున్నారు. పూర్తికాలం వారికిచ్చే 15 రోజుల జీతపు సెలవును వీరికి ఎలా లెక్కకట్టాలన్నది మీ ప్రశ్న. ఈ ఊళ్లోనే చాలాకాలంగా దుకాణాల జీతాల రిజిస్టర్లు రాస్తున్నాను కాబట్టి, నేను పాటించే పద్ధతి చెబుతాను.

ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం 1988 ప్రకారం, పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసిన ఉద్యోగికి తర్వాతి పన్నెండు నెలల్లో 15 రోజుల జీతపు సెలవు రావాలి. వాడుకోనిది 60 రోజుల వరకు పోగుపడుతుంది. ఇక్కడ చూసేది రోజులనే గాని గంటలను కాదు. అందుచేత ఏడాదికి దాదాపు 312 రోజులు వచ్చే ఒంటిపూట ఆమెకూ 15 రోజులే వస్తాయి, అయితే ఒక్కో రోజుకు ఆమె పూట జీతమే చెల్లిస్తారు. "పూట పనికి సెలవేమిటి" అని కొట్టిపారేసే యజమానులను చూశాను గాని, ఆ వాదన నిలవదు. ఉద్యోగి అంటే పూర్తిగా గాని ప్రధానంగా గాని ఆ సంస్థలో పనిచేసేవారని చట్టం చెబుతుంది కాబట్టి, ఆమె అసలు ఉద్యోగం మరోచోట ఉంటే మాత్రం విషయం వేరు.

వారానికి మూడు రోజుల వారి లెక్క 156 దగ్గరే ఆగిపోతుంది. పది మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలకు వర్తించేలా 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కేంద్ర వృత్తి భద్రత కోడ్ ఆ పరిమితిని 180కి తగ్గించి, పనిచేసిన ప్రతి 20 రోజులకు ఒక రోజు సెలవు చొప్పున ఇస్తుంది. నాలుగు రోజులు వచ్చేవారు 208తో దానిని దాటుతారు గాని, మూడు రోజుల వారు అప్పటికీ దాటరు. వారికి ఇచ్చేది యజమాని ఇష్టపడి ఇచ్చేదే. అయినా ఇవ్వమనే నా సలహా, ఎందుకంటే పని తెలిసిన మనిషి సరిగ్గా బ్రహ్మోత్సవాల ముందు పక్క దుకాణానికి వెళ్లిపోతే ఆ నష్టం ఏడున్నర రోజుల (వారంలో సగం రోజులే వస్తారు కాబట్టి 15లో సగం) జీతంతో పోదు.

అసలు చిక్కు మూడో ఆమెది. ఆమెకు 15 "రోజులు" అని రాసి ఊరుకుంటే, అన్నీ సోమవారాలే తీసుకుంటే 120 గంటలు, అన్నీ శుక్రవారాలే తీసుకుంటే 60 గంటలు అవుతాయి. గంటల్లో రాస్తే ఈ తేడా ఉండదు. పూర్తికాలం వారికి వారానికి 48 గంటలు, ఏడాది సెలవు 120 గంటలు. ఆమెకు వారానికి 36 గంటలు గనుక సెలవు 90 గంటలు. సోమవారం రాకపోతే ఎనిమిది, శుక్రవారం రాకపోతే నాలుగు తీసివేస్తారు. ఇదే లెక్కన ఒంటిపూట ఆమెకూ, మూడు రోజుల వారికీ 60 గంటల చొప్పున వస్తుంది. ఇలా కట్టిన మొత్తం చట్టం ఇచ్చేదానికి ఎన్నడూ తగ్గకూడదు.

జాతీయ సెలవుల విషయంలో చాలామంది గమనించనిది ఒకటుంది. 2026లో జనవరి 26 సోమవారం, ఆగస్టు 15 శనివారం, అక్టోబర్ 2 శుక్రవారం వచ్చాయి. మీ సోమ-మంగళ-బుధ ఉద్యోగికి వీటిలో ఒక్కటే కలిసివస్తుంది, గురు-శుక్ర-శనివారాల మనిషి ఉంటే రెండు కలిసివస్తాయి. దుకాణం మూసే పండుగలను కూడా కలిపి, పని గంటల నిష్పత్తిలో అందరికీ పంచి, ఆ రోజు ఎవరి పనిదినమైతే వారి ఖాతాలోనే తీసివేస్తే పేచీ ఉండదు. వారపు సెలవును మాత్రం ఈ ఖాతాలోకి తేవద్దు.

గంటలు నెలనెలా మారేవారికి సెలవు జీతం ఎంతన్నది తేల్చడానికి నేను 2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 1948లోని పద్ధతినే అనుసరిస్తాను: సెలవుకు ముందు నెలలో నిజంగా పనిచేసిన రోజుల సగటు సంపాదన, కరువు భత్యం కలిపి, ఓవర్‌టైమ్, బోనస్ వదిలేసి. ఈ నిబంధనలన్నీ నియామక పత్రంలోనే రాసి సంతకం తీసుకోండి; మధ్యలో గంటలు మారితే, మారిన తేదీ వరకు పోగైనదాన్ని పాత లెక్కనే నిలిపి, అక్కడి నుంచి కొత్త నిష్పత్తిలో కలుపుతూ పోవాలి.