డంబెల్స్ సూట్‌కేసులో పెట్టకు తమ్ముడూ

ఈ ఎండాకాలం కూకట్‌పల్లిలో ఉన్నన్నాళ్లూ అమెరికా వెళ్లబోయే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగింది వీసా గురించి కాదు. "అన్నా, ఇక్కడ రోజూ జిమ్‌కి వెళ్తా. అక్కడ రూమ్‌లో ఏం చేయాలి? డంబెల్స్ తెచ్చుకోనా?"

వద్దు. ఒక్కో బ్యాగుకి మామూలుగా ఇచ్చేది 23 కిలోలు. 10 కిలోల జత పెడితే ఇక అమ్మ కట్టిచ్చే ఆవకాయ, కారప్పొడి ఎక్కడ పెడతావు? హ్యాండిల్ ఉన్న రెసిస్టెన్స్ బ్యాండ్ల (సాగదీసి లాగే రబ్బరు తాళ్ల) సెట్టు, తలుపుకి బిగించే యాంకర్ పట్ట తెచ్చుకో. చెప్పుల జత పట్టే చోట పడిపోతాయి.

యూనివర్సిటీ జిమ్ ఫీజు చాలాచోట్ల సెమిస్టర్ ఫీజులోనే కలిసి ఉంటుంది. వీలైతే వదలకు. కానీ ఉత్తరాది ఊళ్లలో డిసెంబరొస్తే సాయంత్రం నాలుగున్నరకే చీకటి. మంచులో బస్సు కోసం నిలబడి మరీ జిమ్‌కి వెళ్లడం ఎన్నాళ్లు సాగుతుందో నాకు తెలుసు.

ఇక రూమ్ సంగతి. మన ఇళ్లలో కాంక్రీటు స్లాబు, మీద టైల్స్. అక్కడ అపార్ట్‌మెంట్లు చాలావరకు చెక్కతో కట్టినవి. పై ఫ్లోర్‌లో నువ్వు స్కిప్పింగ్ మొదలుపెడితే కింది వాళ్ల సీలింగ్ దడదడలాడుతుంది. రెండోసారికల్లా అద్దె వ్యవహారాలు చూసే లీజింగ్ ఆఫీసు నుంచి మెయిల్ వస్తుంది. అందుకే గెంతేవి, బరువు కింద పడేసేవి పక్కన పెట్టి, నెమ్మదిగా చేసేవి ఎంచుకో. నిజానికి సామాను తక్కువున్నవాడికి ఆ నెమ్మదే ఉపాయం. డిప్స్ (పుషప్స్) కొట్టేటప్పుడు కిందికి దిగడానికి నాలుగు సెకన్లు తీసుకో, కింద ఒక్క క్షణం ఆగు, అప్పుడు లే. ముప్పై గబగబా కొట్టేవాడు పన్నెండుకే చెమటలు కక్కుతాడు. బరువు తక్కువైనా, ఇంకో ఒకటో రెండో తప్ప చేయలేను అనిపించేదాకా లాగితే కండ దాదాపు అంతే పెరుగుతుంది. బస్కీలు తేలికైపోతే వెనక కాలు మంచం మీద పెట్టి ఒంటికాలి మీద తీయి. మర్నాడు మెట్లు దిగేటప్పుడు నన్ను తలుచుకుంటావు.

బరువు కావాలంటే ఇండియన్ స్టోర్‌లో దొరికే సోనామసూరి బస్తా 20 పౌండ్లు, అంటే తొమ్మిది కిలోలు. గుండెకి హత్తుకుని బస్కీలు తీయొచ్చు. నెల తిరిగేసరికి బస్తా బరువు తగ్గుతుంది, నీ బరువు పెరుగుతుంది, అది వేరే విషయం. గ్యాలన్ పాలడబ్బా దాదాపు నాలుగు కిలోలు, దానికి హ్యాండిల్ కూడా ఉంటుంది.

ఇంట్లో చేసేవాళ్లందరూ ఎగ్గొట్టేది వీపు. డిప్స్ నెట్టే పని, ఛాతీకి సరిపోతుంది. వీపుకి లాగే పని ఉండాలి. రోజంతా ల్యాప్‌టాప్ ముందు వంగి కూర్చునేవాడికి ఇదే ముఖ్యం. బ్యాండు తలుపుకి బిగించి మోచేతులు వెనక్కి వెళ్లేలా లాగు. ఒక్క జాగ్రత్త: తలుపు అవతలివైపుకి తెరుచుకోవాలి, నువ్వు ఇవతల నిలబడాలి. అప్పుడు లాగినకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. నీవైపే తెరుచుకునే తలుపైతే, గొళ్లెం జారిన క్షణం తలుపు వచ్చి ముక్కుకి తగులుతుంది. అక్కడ ఇన్సూరెన్స్ ఉన్నా, డిడక్టిబుల్ అని ఒక మొత్తం ఉంటుంది, అందాకా ఖర్చు మన జేబులోంచే.

వారంలో రెండు మూడు రోజులు ఇలా చేసి, మిగతా రోజులు గంట నడిస్తే చాలు. తిండి విషయంలో శాకాహారులు సాంబారులో పప్పుని నమ్ముకోవద్దు. 100 గ్రాముల మీల్‌మేకర్‌లో 50 గ్రాముల పైనే ప్రోటీన్ ఉంటుంది.

అంతకీ డంబెల్స్ మీది మోజు పోకపోతే మే నెల దాకా ఆగు. చదువైపోయి ఊళ్లు మారే సీనియర్లు వచ్చిన ధరకి అమ్మేస్తుంటారు. ప్లేట్లు మార్చుకునే రకం తీసుకో, డబ్బులిచ్చే ముందు లాక్ బిగుస్తోందో లేదో తిప్పి చూడు.