ఆఫ్రికాలో మిషన్ ఆసుపత్రికి వెళ్తానంటున్న మీ చెల్లెలి గురించి అడిగారు కదా

మీ చెల్లెలు బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి ఆఫ్రికాలో ఏదైనా మిషన్ ఆసుపత్రికి వెళ్తానంటోందని, ఇంట్లో అమ్మానాన్నలకి నిద్ర పట్టడం లేదని రాశారు. అక్కడి బతుకులో సంతోషమెంత, కష్టమెంత, దాచకుండా చెప్పమన్నారు. నేనూ నర్సునే. మా ఆయన ల్యాబ్ టెక్నీషియన్. పెళ్లయిన కొత్తలోనే ఇద్దరం మలావీ వెళ్లాం, రాజధాని లిలాంగ్వే నుంచి మట్టిరోడ్డు మీద వెళ్లే ఒక పల్లెలో మిషన్ ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పనిచేశాం, మా పిల్లలిద్దరూ అక్కడే పెరిగారు. అందుకని నేను చెప్పేదంతా మలావీ సంగతే, ఆఫ్రికా అంతా ఒకలా ఉండదు.

ముందు మీ అమ్మగారి భయాల సంగతి. పాములు, తిండి, కరెంటు, జ్వరాలు అన్నారు. ఇవన్నీ ఉన్న మాట నిజమే, కానీ ఆర్నెల్లలో అలవాటైపోతాయి. అక్కడ అన్నం బదులు న్సిమా తింటారు, మొక్కజొన్న పిండితో వండుతారు, మన రాయలసీమ సంగటిలా ముద్ద చేసుకుని కూరతో తినడమే. సరస్సులో పట్టిన ఉసిపా అనే చిన్న ఎండుచేపలు దొరుకుతాయి, కంది అయితే మలావీ దక్షిణాదిలో బాగానే పండుతుంది, కాబట్టి పప్పుకి కరువు లేదు. ఇక జ్వరాలు. 1875లో రాబర్ట్ లాస్ అనే డాక్టరుతో సహా స్కాట్లండ్ మిషనరీలు మలావీ సరస్సు ఒడ్డున కేప్ మక్లియర్‌లో దిగారు, మలేరియాతో ఒకరి తర్వాత ఒకరు పోతుంటే 1881లో ఆ చోటు వదిలేసి ఉత్తరాన బండావేకి వెళ్లిపోయారు, చనిపోయినవాళ్ల సమాధులు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. ఇప్పుడు ఆ పరిస్థితి లేదు. దోమతెర కట్టుకుని, ఒళ్లు వెచ్చబడిన రోజే పరీక్ష చేయించుకుని మందు వేసుకునే పెద్దవాళ్లకి మలేరియా గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. దాని దెబ్బ ఎక్కువగా అక్కడి అయిదేళ్లలోపు పిల్లల మీదే.

అసలు కష్టం ఆ పిల్లల వార్డులో ఉంది. డిసెంబరు నుంచి మార్చి దాకా మూడూ ఒక్కసారే వస్తాయి: వాన, ఆకలి, మలేరియా. కిందటేడు దాచుకున్న మొక్కజొన్న అయిపోయి ఉంటుంది, కొత్త పంట ఏప్రిల్‌కి గాని ఇంటికి రాదు, అందుకని పిల్లలు అప్పటికే నీరసించి ఉంటారు, దాని మీద మలేరియా పడుతుంది. ఒక్కో మంచం మీద ఇద్దరు ముగ్గురు పిల్లలు, మంచాల మధ్య చాపల మీద తల్లులు, రాత్రి డ్యూటీలో వార్డంతటికీ ఒక నర్సు, ఒక సహాయకురాలు. మలేరియాతో రక్తం తగ్గిపోయి, హిమోగ్లోబిన్ 3కి పడిపోయి పెదాలు తెల్లబడి, ఎగశ్వాసతో వచ్చే పిల్లలకి అప్పటికప్పుడు రక్తం ఎక్కించాలి. బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌లో ఉండాల్సినంత రక్తం ఎప్పుడూ ఉండదు. మా ఆయన అర్ధరాత్రి లేచి, తండ్రిని, బాబాయిని, చుట్టుపక్కల ఎవరున్నా వాళ్లని పరీక్ష చేసి, ఎవరిదీ కుదరకపోతే తన చెయ్యి తనే చాపేవాడు, ఆయనది ఓ పాజిటివ్. అలా ఎక్కించిన పిల్లల్లో కొందరు బతికారు, కొందరు సీసా సగం కూడా ఎక్కకముందే పోయారు.

ఆక్సిజన్ విషయం ఇంకా బాధ. కాన్సంట్రేటర్ అనే యంత్రం గాలి నుంచే ఆక్సిజన్ తీసి ఇస్తుంది, గొట్టాలు చీల్చి ఒకే యంత్రం నుంచి నలుగురు పిల్లలకి పెట్టొచ్చు. అయిదో బిడ్డ వస్తే? కరెంటు పోయి, జనరేటర్‌కి డీజిల్ లేకపోతే? ఎవరి ముక్కు నుంచి గొట్టం తీయాలో నిర్ణయించాల్సింది ఆ రాత్రి అక్కడున్న నర్సే. నర్సింగ్ కాలేజీలో ఈ పాఠం ఎవరూ చెప్పరు. మన దేశంలో అయితే పెద్దాసుపత్రికి రిఫర్ చేసేస్తాం, అక్కడ వానాకాలంలో అంబులెన్సు బురదలో దిగబడుతుంది, డీజిల్ కొరత వచ్చిందంటే అసలు కదలదు. తెల్లారి ఇంటికెళ్లి స్నానం చేసి మన పిల్లలకి జడలు వేసి బడికి పంపాలి. మీ చెల్లెలు ముందుగా సిద్ధపడాల్సింది దీనికి, పాములకి కాదు.

ఇంకో సంగతి, పిల్లల్ని ఆలస్యంగా తెస్తారని తల్లుల మీద కేకలేసే నర్సులు ఉంటారు, అక్కడివాళ్లలోనూ ఉన్నారు, బయటినుంచి వెళ్లినవాళ్లలోనూ ఉన్నారు. నాకది అస్సలు గిట్టదు. మేమున్న ప్రాంతంలో చేవా తెగవాళ్లు ఎక్కువ, వాళ్లలో వంశం తల్లివైపు నుంచి లెక్క, పిల్లల విషయంలో తల్లి అన్నదమ్ముల మాటకి విలువెక్కువ. అంటే మేనమామ సరే అనాలి, సైకిల్ దొరకాలి, దారిలో వాగు తగ్గాలి, ఈలోపు సింగాంగా దగ్గరికి, అంటే నాటువైద్యుడి దగ్గరికి, తీసుకెళ్లమని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. ఇన్ని దాటుకుని వీపున బిడ్డని కట్టుకుని నడిచొచ్చిన మనిషిని ఆలస్యమెందుకైందని నిలదీయడం న్యాయం కాదు.

ఇప్పుడు సంతోషం. మలేరియా ఎంత వేగంగా పడగొడుతుందో అంత వేగంగా వదులుతుంది కూడా. సాయంత్రం ఫిట్స్‌తో, స్పృహ లేకుండా తెచ్చిన బిడ్డకి ఆర్టెసునేట్ అనే మలేరియా ఇంజెక్షన్, పన్నెండు గంటలకి ఇంకోటి, ఇరవై నాలుగు గంటలకి మరోటి, గ్లూకోజ్ చూసుకుంటూ, పక్కకి తిప్పుతూ కూర్చుంటే, రెండో రోజో మూడో రోజో ఆ బిడ్డే లేచి కూర్చుని గంజి కోసం ఏడుస్తుంది. ఆ ఏడుపు వినడానికి నేను ఎన్ని రాత్రులైనా మేలుకుంటాను. పాతరోజుల్లో క్వినైన్ డ్రిప్ పెట్టేవాళ్లు, 2010లో ఆఫ్రికా పిల్లల మీద జరిగిన పెద్ద పరిశోధనలో ఆర్టెసునేట్‌తో చావులు బాగా తగ్గుతున్నాయని తేలాక అది మారింది. 2019 ఏప్రిల్‌లో మలేరియా టీకాని మామూలు టీకాలతో పాటు ఇవ్వడం మొదట మొదలైంది కూడా మలావీలోనే. మనం పనిచేసే చోట ఇలాంటి మార్పు కళ్లముందు జరగడం మాటల్లో చెప్పలేని ఆనందం.

నెలలు నిండని పిల్లల గది ఇంకో ఆనందం. తల్లి రొమ్ముల మధ్య బిడ్డని చర్మానికి చర్మం ఆనించి, చిటెంజే అనే రంగురంగుల బట్టతో కట్టేసుకుంటుంది, రోజంతా అలాగే తిరుగుతుంది, ఇన్‌క్యుబేటర్ అక్కర్లేదు. ఊపిరి అందని పసికందులకి బబుల్ సీపాప్ అనే చౌకైన పరికరం ఉంది, నీళ్లలో బుడగలు వచ్చేలా గాలిని కొంచెం ఒత్తిడితో పంపి ఊపిరితిత్తులు ముడుచుకోకుండా చూస్తుంది, బ్లాంటైర్ పెద్దాసుపత్రిలో దాన్ని పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించారు, ఊపిరి ఇబ్బంది ఉన్న పసిపిల్లల్లో మామూలు ఆక్సిజన్‌తో 44 శాతం బతికితే దీనితో 71 శాతం బతికారు. మా ఆసుపత్రికి అది వచ్చినప్పుడు అక్కడి నర్సింగ్ విద్యార్థినులకి నేను నేర్పాను. వాళ్లలో ఒకమ్మాయి నేను లేని రాత్రి తనంతట తనే కవల పిల్లలకి దాన్ని అమర్చి, నీళ్ల మట్టం, బుడగలు చూసుకుంటూ తెల్లవార్లూ కూర్చుని, పొద్దున మీటింగులో రిపోర్టు చదివింది. ఇద్దరూ బతికారు. ఆ గదికి ఇప్పుడు ఆమే ఇన్‌చార్జి. మనం లేకపోయినా పని ఆగకూడదు, మిషన్ పని అంటే నాకు అర్థమైంది అదే. ఏళ్ల తరబడి ఉండి ఒక్కరికి కూడా నేర్పకుండా వచ్చేసేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

ఇంటికి దూరంగా ఉండటం గురించి అడిగారు. ఇది రాయడం నాకు తేలిక కాదు. మా నాన్న పోయినప్పుడు నేను అక్కడే ఉన్నాను. లిలాంగ్వే నుంచి అడిస్ అబాబా, అక్కడినుంచి ముంబై, ఆ తర్వాత ఊరు, ఎంత తొందరపడినా అందుకోలేను, ఇక్కడ సమాధి కార్యక్రమం ఆపడం కుదరలేదు. మా తమ్ముడు ఫోన్లో చూపించబోతే సిగ్నల్ ఆగి ఆగి వచ్చి మధ్యలోనే పోయింది. ఆ మధ్యాహ్నం వార్డు నుంచి ఆడవాళ్లు వచ్చారు, నర్సులు, ఊడ్చేవాళ్లు, బట్టలుతికేవాళ్లు, మాకు సరిగా తెలియని పక్క ఊరివాళ్లు కూడా. గదిలో కుర్చీలు పక్కకి జరిపి నేలమీద కూర్చున్నారు. ఒకరు పిండి తెచ్చారు, ఒకరు కట్టెలు, ఒకరు చిటెంజే కొంగున ముడేసిన కొన్ని క్వాచాలు, అంటే అక్కడి డబ్బు, నా చేతిలో పెట్టారు. అక్కడ చావు జరిగిన ఇంట్లో అలా రాత్రంతా ఉండి పాడతారు, వాయిద్యం ఉండదు, గొంతులే నాలుగు పాయలుగా విడిపోయి కలుస్తాయి. వాళ్లెన్నడూ చూడని గుంటూరు మనిషి కోసం తెల్లవార్లూ పాడారు. నేను వాళ్లకి చేసిన సేవ పెద్దదో, వాళ్లు నాకు చేసింది పెద్దదో ఎవరైనా అడిగితే నా దగ్గర తడుముకోని జవాబుంది, వాళ్లదే పెద్దది.

డబ్బు గురించి మీ నాన్నగారు అడిగింది సబబే. అదే చదువుతో యూకే, ఐర్లండ్ వెళ్లిన నా తోటి వాళ్లు ఇళ్లు కట్టుకున్నారు, మాకు వచ్చేది ఇక్కడి చర్చి సంఘాలు పంపే కొంత, అక్కడి ఆసుపత్రి ఇచ్చే కొంత. మా సంఘంలో ఆడవాళ్లు వంటకి ముందు పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేసి, ఆదివారం తెచ్చి, అవి అమ్మిన డబ్బు మాకు పంపేవాళ్లు. అలా వచ్చిన రూపాయిని ఖర్చుపెట్టేటప్పుడు చెయ్యి వణుకుతుంది. 2023 నవంబరులో అక్కడి క్వాచా విలువ ఒక్కసారే తగ్గించి, డాలరు ధర 44 శాతం పెరిగినప్పుడు జీతాలన్నీ నీరుగారిపోయాయి, మా కంటే మా తోటి మలావీ నర్సులు ఎక్కువ నలిగిపోయారు. సెలవుకి ఇండియా వచ్చినప్పుడు సంఘాల్లో రోగుల ఫోటోలు చూపించమని అడుగుతారు. ఎంత అడిగినా నేను చూపించను. ఎముకలు తేలిన బిడ్డ ఫోటో పెట్టి చందా అడగడం ఆ తల్లికి అవమానం.

మా పిల్లల విషయం క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే మీ చెల్లెలికి ఇంకా పెళ్లి కాలేదు. అక్కడి భాష చిచేవా గడగడా మాట్లాడతారు, తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు, అమ్మమ్మ ఊరికి వస్తే కొత్త చోటికి వచ్చినట్టు ఉంటారు. పై క్లాసులకి హాస్టల్లో పెట్టాల్సి వచ్చింది. మేం తిరిగి రావడానికి ముఖ్య కారణం అదే.

ఇక మిషనరీ అంటే మతం మార్చడమే కదా అని ఇక్కడ చాలామంది అనుకుంటారు. మలావీలో ఎక్కువమంది ముందునుంచే క్రైస్తవులు, సరస్సు ఒడ్డున ముస్లింలు ఉన్నారు, అందరూ ఒకే వార్డులో పడుకుంటారు. పొద్దున డ్యూటీ మొదలయ్యే ముందు ప్రార్థన చేసుకుంటాం, రోగి అడిగితే మంచం పక్కన చేస్తాం, అడగకపోతే చెయ్యం. జబ్బుతో ఉన్న మనిషి నిస్సహాయతని మతానికి వాడుకోవడం నా విశ్వాసానికి విరుద్ధం, ఇది నేను గట్టిగా చెప్తాను. నాకు ఈ పని మీద మనసు పడటానికి కారణం గుంటూరులోనే ఉంది. మా అమ్మ పుట్టింది కుగ్లర్ ఆసుపత్రిలో. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి వచ్చారు, మొదట ఆవిడని పంపినవాళ్లు వైద్యం కోసం పంపలేదు, అయినా ఆడవాళ్లకి వైద్యం మొదలుపెట్టారు, 1898లో ఆసుపత్రి తెరిచారు, 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. ఆవిడకీ ఇంట్లో అమ్మానాన్నలు ఉండే ఉంటారు కదా.

మీ చెల్లెల్ని ఆపమని నేను చెప్పను. కానీ వెంటనే వెళ్లనివ్వకండి. ముందు మన దేశంలోనే ఏదైనా మారుమూల మిషన్ ఆసుపత్రిలో రెండేళ్లు, కాన్పుల వార్డులో, పసిపిల్లల వార్డులో పనిచేయమనండి. మలావీ అయితే అక్కడి నర్సుల, మిడ్‌వైఫ్‌ల కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ కావాలి, పని చేయడానికి పర్మిట్ కావాలి, ఇవి చేతికి రాకుండా విమానం ఎక్కొద్దు. అక్కడి క్రైస్తవ ఆసుపత్రులు చాలావరకు చామ్ అనే సంఘం కింద ఉంటాయి, దేశంలో వైద్యసేవల్లో దాదాపు మూడో వంతు వాటిదే, కాబట్టి పిలుస్తున్న ఆసుపత్రి నిజంగా అందులో ఉందో లేదో కనుక్కోవడం కష్టం కాదు. కనీసం మూడేళ్లు ఉండే ఉద్దేశంతో వెళ్లాలి, మొదటి కొన్ని నెలలు భాషకే పోతాయి.

పంపే సంఘాన్ని మాత్రం మీరే, అన్నగా, కూర్చోబెట్టి అడగండి: ఆరోగ్య బీమా ఎవరు కడతారు, ఆమెకి పెద్ద జబ్బు చేస్తే జొహానెస్‌బర్గ్‌కో ఇండియాకో తరలించే ఖర్చు ఎవరిది, ఇంట్లో ఏదైనా జరిగితే తిరుగు టికెట్ ఎవరు కొంటారు. ఇవన్నీ కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. అమ్మానాన్నల బాధ్యత ఇక్కడ నేను చూసుకుంటానని మీరు ఆమెతో, ఆమె వెళ్లకముందే, చెప్పండి.