ఆ గిటార్ ఎవరిది?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. హైదరాబాద్ ఉప్పల్‌లో ఉంటాం. బాబు ఇంటర్ ఎంపీసీలో చేరగానే వాడి గిటార్‌ని నేనే అటకెక్కించాను. ఇప్పుడు దాన్ని దింపి యూట్యూబ్ చూసి నేర్చుకుంటున్నాను. వేళ్లు మండిపోతున్నాయి, కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మీటే కార్డ్‌లలో ఎఫ్ అస్సలు పలకడం లేదు. ఈ వయసులో వస్తుందా? మావారు ఏమీ అనరు. బాబు మాత్రం నేను గిటార్ తీయగానే ధడాలున తలుపేసుకుంటాడు. వాడి చదువుకి డిస్టర్బెన్స్ అయితే మానేయమంటారా?

జవాబు: వేళ్ల గురించి టెన్షన్ పడకండి. స్టీలు తీగల మీద మొదలుపెట్టిన ఎవరికైనా కొసలు మండుతాయి. రోజూ పావుగంట వాయించండి, కొన్ని వారాల్లో చర్మం గట్టిపడుతుంది. ఎఫ్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. చూపుడువేలొక్కదానితో తీగలన్నీ అదమాలి, కుర్రాళ్లని కూడా ఏడిపిస్తుంది అది. ఇ మైనర్ కార్డ్‌కి రెండు వేళ్లు చాలు. దాంతో మొదలుపెట్టి జి, సి, డి నేర్చుకుంటే బోలెడు పాటలు వాయించుకోవచ్చు. పాత తీగలు తీయించి పలచటివి, లైట్ గేజ్‌వి వేయించండి. వయసు సంగతి వదిలేయండి. ఆ ప్రశ్న ఆడవాళ్లే ఎందుకు అడుగుతారో!

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో దాటేసింది నన్ను ఆపేసింది. చదువు పేరు చెప్పి వాడి చేతుల్లోంచి తీసేసిన వస్తువుని, వాడింకా జేఈఈ, ఈఏపీసెట్ పుస్తకాల ముందు కూర్చుని ఉండగా, వాడి కళ్లెదుటే మీరు వాయిస్తున్నారు. శబ్దం ఎక్కువై వాడు తలుపేసుకుంటున్నాడని నేననుకోను. కన్నాం కాబట్టి పిల్లల వస్తువులన్నీ మనవే అనుకోవడం మన ఇళ్లలో మామూలే. నాకది ఎప్పుడూ నచ్చలేదు. పెద్దవాళ్లయినా అడిగే తీసుకోవాలి.

ఈ రాత్రి వాడు అన్నం తిన్నాక వెళ్లి చెప్పండి: "అది నీది. అప్పుడు అడక్కుండా లాక్కున్నాను, ఇప్పుడు అడక్కుండా వాడుకుంటున్నాను. తప్పయింది." అంతే. 'నీ మంచికే కదా' అని తోక తగిలించకండి. శ్రుతి చేసిపెట్టమని కూడా అప్పుడే అడగొద్దు. క్షమాపణ చెప్పిన నోటితోనే పని చెబితే వాడు నమ్మడు. వాయించుకుంటానంటే రోజూ కాసేపు వాడికే ఇచ్చేయండి, దానివల్ల ర్యాంకు పోదు. మీవారు ఏమీ అనరని రాశారు, ఈ విషయంలో కూడా ఆయన్ని ఏమీ అనొద్దనండి.

మీరు ముట్టుకోవద్దని వాడంటే బతిమాలకండి. మీ డబ్బుతో నైలాన్ తీగల గిటార్ ఒకటి కొనుక్కోండి, వేళ్లకీ సుఖం. మానేయడం మాత్రం వద్దు.