టెక్ సందేహాలు: మెడకు ఒరుసుకునే బెల్టు, ఎవరూ నొక్కని బటన్

పోయిన నెల రివర్స్ కెమెరాల గురించి రాస్తూ మధ్యలో సీటు బెల్టు మీద రెండు వాక్యాలు రాశాను. కెమెరాల సంగతి అందరూ వదిలేశారు, ఉత్తరాలన్నీ బెల్టు గురించే. అందుకని ఈసారి ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు సెలవు.

ప్రశ్న: నేను హనుమకొండలో ఉంటాను, పరకాల వైపు ఒక పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. రోజూ కారు నేనే నడుపుకుంటూ వెళతాను. నా ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. సీటు బెల్టు సరిగ్గా మెడ మీదికి వచ్చి ఒరుసుకుపోతోంది. వేసవిలో చర్మం ఎర్రబడుతోంది. అందుకే ఈ మధ్య బెల్టును చంక కింద నుంచి తీసి పెట్టుకుంటున్నాను. ఇది పరవాలేదా?

జవాబు: పరవాలేదు అనలేను. చంక కింది పద్ధతి ఈ రోజే మానేయండి. ప్రమాదంలో బెల్టు వల్ల పడే ఒత్తిడిని భుజపుటెముక (మెడ కింద ముందువైపు ఉండే కాలర్ బోన్), ఛాతీ మధ్య ఎముక, తుంటి ఎముకలు తట్టుకోగలవు. బెల్టు అక్కడక్కడే పడాలని దాన్ని అలా రూపొందించారు. చంక కింద నుంచి తీస్తే తాకిడి అంతా కింది పక్కటెముకల మీద పడుతుంది. వాటి వెనుకే కాలేయం, ప్లీహం ఉంటాయి. పై శరీరాన్ని పట్టి ఆపేది ఏదీ ఉండదు కాబట్టి తల నేరుగా స్టీరింగ్ వైపు వెళుతుంది.

ఇక మీ అసలు సమస్య. కారు తలుపు తెరిచి, ముందు తలుపుకూ వెనుక తలుపుకూ మధ్య ఉన్న స్తంభాన్ని చూడండి. బెల్టు కింద నుంచి పైకి వచ్చి, ఒక వలయంలో దూరి, మీ భుజం మీదికి తిరుగుతుంది. మెకానిక్‌లు ఆ వలయాన్ని డి-రింగ్ అంటారు. దాని మీదో పక్కనో ఒక బటన్ గానీ, రెండు వైపులా వేళ్లతో నొక్కే మీట గానీ ఉందేమో వెతకండి. ఉంటే మీ ఇబ్బంది అర నిమిషంలో తీరుతుంది. కారు కొన్న ఏళ్ల తర్వాత కూడా ఆ బటన్ సంగతి తెలియనివారు ఎందరో. షోరూంలో కారు అప్పగించేటప్పుడు టచ్‌స్క్రీన్ గురించి గంటసేపు చెబుతారు. దీని ఊసు మాత్రం ఎత్తరు.

లోపల జరిగేది చాలా సరళం. ప్లాస్టిక్ మూత వెనుక ఒక ఉక్కు పట్టా నిలువుగా స్తంభానికి బోల్టులతో బిగించి ఉంటుంది. అందులో వరుసగా రంధ్రాలో పళ్లో ఉంటాయి. డి-రింగ్‌ను మోసే ముక్క ఆ పట్టాలో పైకీ కిందికీ జారుతుంది. స్ప్రింగు నెట్టే ఒక పిన్ను ఆ ముక్కను ఏదో ఒక రంధ్రంలో పట్టి ఉంచుతుంది. బటన్ నొక్కితే పిన్ను వెనక్కి వస్తుంది, వదిలితే దగ్గరి రంధ్రంలోకి దూరుతుంది. పాతకాలపు తలుపు గడియకూ దీనికీ పెద్ద తేడా లేదు. కాకపోతే ఈ గడియ, ప్రమాదం జరిగిన క్షణంలో, మనిషి బరువుకు ఎన్నో రెట్ల లాగుడును మోయాలి. చాలా కార్లలో పైకి జరపడానికి బటన్ కూడా అక్కర్లేదు, వలయాన్ని పట్టుకుని పైకి తోస్తే చాలు. కిందికి దించాలంటేనే నొక్కాలి. ప్రమాదంలో బెల్టు ఆ వలయాన్ని కిందికి, ముందుకు లాగుతుంది. ఆ దిశలో అది తనంతట తాను కదలకుండా పళ్లను అలా మలిచారు.

సరిచేసుకునే క్రమం ముఖ్యం. ముందు సీటు, తర్వాతే బెల్టు. వీపు పూర్తిగా ఆనించి, సీటు వెనుక భాగాన్ని దాదాపు నిటారుగా ఉంచి, పెడల్స్ హాయిగా అందేలా కూర్చోండి. మీ ఎత్తువారు సీటును స్టీరింగ్‌కు మరీ దగ్గరగా జరుపుకుంటారు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగ్ మధ్య భాగానికీ మీ ఛాతీకీ కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి. ఆ తర్వాత బెల్టు పెట్టుకుని, వలయాన్ని ఒక్కొక్క మెట్టు కిందికి దించుతూ రండి. బెల్టు మెడకూ భుజం అంచుకూ నడుమ, భుజపుటెముక మధ్యగా పోతే అక్కడ ఆపండి. మెడకు తాకితే ఇంకా దించాలి. భుజం మీద నుంచి జారిపోతుంటే ఎక్కువ దించారన్నమాట. మరీ దించితే బెల్టు భుజాన్ని కిందికి అణుస్తుంది, అదీ మంచిది కాదు. చివరగా బటన్ వదిలేసి వలయాన్ని గట్టిగా కిందికి లాగి చూడండి. రెండు రంధ్రాల మధ్య ఆగిపోయి ఉంటే అప్పుడే తెలుస్తుంది. ‘టక్’మని కూర్చున్న చప్పుడు వినిపించాలి. ఇదంతా బండి ఆపి ఉన్నప్పుడే. పరకాల రోడ్డు మీద నడుపుతూ చేసే పని కాదు.

మీ కారులో ఆ బటనే లేదనుకుందాం. అప్పుడు డ్రైవర్ సీటు ఎత్తు పెంచే మీట ఉందేమో చూడండి. వలయాన్ని దించడమూ, మనిషి పైకి లేవడమూ చివరికి ఒకటే. మీకు రోడ్డు కూడా బాగా కనిపిస్తుంది. అదీ లేకపోతే సీటును ఒకటి రెండు మెట్లు ముందుకో వెనక్కో జరిపి చూడండి, బెల్టు వచ్చే కోణం మారుతుంది. దిండు వేసుకుని కూర్చోవడం మాత్రం వద్దు. ఢీకొన్నప్పుడు మెత్తటి దిండు నలిగిపోయి, జారిపోయి, నడుము బెల్టు కింద నుంచి మనిషి ముందుకు దూసుకుపోతాడు. తుంటిని పట్టుకోవలసిన బెల్టు పొట్టలోకి దిగుతుంది.

మూడు చోట్ల బిగించే బెల్టును 1959లో వోల్వో తన కార్లలో తెచ్చింది. దాన్ని రూపొందించిన నీల్స్ బోలిన్ అంతకుముందు సాబ్ సంస్థలో, యుద్ధ విమానం నుంచి పైలట్‌ను బయటికి విసిరే సీట్లపై పనిచేసిన ఇంజినీరు. ఆ పేటెంటును ఇతర కంపెనీలు కూడా వాడుకోవడానికి వోల్వో అనుమతించింది. అయితే మనుషులు అందరూ ఒక ఎత్తు ఉండరన్న సంగతి చట్టాలకు ఎక్కడానికి చాలా కాలం పట్టింది. అమెరికాలో 1997 సెప్టెంబరు నుంచి తయారయ్యే కార్లలో, ముందు వరుసలో తలుపు పక్క సీట్లకు, బెల్టు భుజం మీద పడే చోటు కనీసం 5 సెంటీమీటర్ల మేర మార్చుకునేలా ఉండాలన్న నియమం వచ్చింది. మన దగ్గర మాత్రం చాలా కంపెనీలు ఈ చిన్న ఉక్కు పట్టాను ఖరీదైన వేరియంట్లకే పరిమితం చేస్తున్నాయి. తప్పు వాళ్లదొక్కటే అనను. షోరూంలోకి అడుగుపెట్టగానే మనం అడిగేది సన్‌రూఫ్ ఉందా అని. తర్వాతి కారు కొనేటప్పుడు వేరియంట్ల పట్టికలో ‘హైట్ అడ్జస్టబుల్ సీట్ బెల్ట్’ అన్న వరుస ఏ పేజీలో దాక్కుందో వెతకండి.

ప్రశ్న: కరీంనగర్ నుంచి రాస్తున్నాను. మా అమ్మగారికి బెల్టు గట్టిగా పట్టేస్తోందని ఆన్‌లైన్‌లో రెండు వస్తువులు చూశాను. ఒకటి బెల్టును వదులుగా నిలిపి ఉంచే క్లిప్పు. ఇంకొకటి భుజం బెల్టునూ నడుము బెల్టునూ కలిపి కిందికి లాగే మూడు మూలల గుడ్డ. ఏది కొనమంటారు?

జవాబు: రెండూ వద్దు. బెల్టులో వదులు ఎంత ఉంటే, మనిషి అంత దూరం ముందుకు వెళ్లిన తర్వాతే అది పట్టుకుంటుంది. క్లిప్పు చేసేది ఆ వదులును కాపాడటమే. గుడ్డది మరో రకం అపకారం. భుజం బెల్టును దించుతూనే, నడుము బెల్టును పైకి, పొట్ట మీదికి లాక్కువస్తుంది. కారు కంపెనీ బిగించిన పట్టాను వాడుకోండి, సీటును వాడుకోండి. బెల్టుకూ శరీరానికీ మధ్య బయటి నుంచి ఏదీ తెచ్చి పెట్టకండి.

అమ్మగారికి పట్టేసినట్టు ఉండటానికి కారణం చాలాసార్లు మురికే. డి-రింగ్ లోపలి అంచున చెమట, దుమ్ము పేరుకుని బెల్టు బిరుసుగా కదులుతుంది. గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా సబ్బు వేసి గుడ్డతో వలయాన్నీ బెల్టునూ తుడవండి. పూర్తిగా ఆరిన తర్వాతే లోపలికి పోనివ్వండి. బ్లీచింగ్, రంగు, నూనె వేస్తే బెల్టు నేత బలహీనపడుతుంది.

ప్రశ్న: ములుగులో కారు అద్దెకు తిప్పుతాను. మేడారం జాతర సమయంలో కుటుంబాలు పిల్లలతో వస్తాయి. ఏడెనిమిదేళ్ల పిల్లలకు వెనుక సీటు బెల్టు ముఖానికి తగులుతోంది. వెనుక ఎత్తు మార్చే బటన్ కనిపించలేదు.

జవాబు: చాలా కార్లలో వెనుక వరుసకు అది ఉండదు, మీరు వెతకడంలో లోపమేమీ లేదు. ఉన్నా ఆ పిల్లలకు సరిపోదు. కొన్ని సెంటీమీటర్ల సర్దుబాటు పెద్దవారి మధ్య తేడాల కోసం పెట్టింది. దాదాపు 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా పిల్లలకు బూస్టర్ సీటు కావాలి. అది పిల్లవాడిని పైకి లేపి, భుజం బెల్టు భుజం మీద, నడుము బెల్టు తొడల మొదట్లో పడేలా చేస్తుంది. మీలాంటివారు డిక్కీలో ఒకటి రెండు ఉంచుకుంటే, అడిగిన కుటుంబానికి ఇవ్వవచ్చు. బండికి అదొక మంచి పేరు కూడా.

చట్టం సంగతి మీకు తెలిసే ఉండాలి. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలోని 194బి సెక్షన్ ప్రకారం, 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా బండి నడిపితే 1,000 రూపాయల జరిమానా. పడేది నడిపేవారికి. ఇంకొక్కటి, పిల్లను ఒడిలో కూర్చోబెట్టుకుని ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు వేసుకునే తల్లిదండ్రులు ఉంటారు. దయచేసి ఆపండి. ఢీకొన్నప్పుడు పెద్దవారి బరువంతా పిల్ల మీదే పడుతుంది.

ప్రశ్న: మా చెల్లెలికి ఏడో నెల. జగిత్యాల నుంచి వరంగల్ ఆసుపత్రికి చూపించుకోవడానికి వస్తుంది. బెల్టు వేసుకోవచ్చా?

జవాబు: వేసుకోవాలి. నడుము బెల్టు పొట్ట కిందుగా, తుంటి ఎముకల మీద ఉండాలి. భుజం బెల్టు రొమ్ముల మధ్యగా వచ్చి పొట్ట పక్క నుంచి దిగాలి. పై వలయాన్ని సరిచేస్తే ఈ దారి సులువుగా కుదురుతుంది. ప్రయాణాల గురించి డాక్టరు వేరే ఏదైనా చెప్పి ఉంటే అదే పాటించండి.

ప్రశ్న: హనుమకొండలో ఒక పాత కారు చూశాను. ధర బాగుంది. కానీ డ్రైవర్ వైపు బెల్టు నెమ్మదిగా వెనక్కి వెళుతోంది, ఎత్తు మార్చే బటన్ బిగుసుకుపోయింది. అమ్మేవారు కాస్త నూనె వేస్తే సరిపోతుందంటున్నారు.

జవాబు: నూనె మాట ఎత్తినందుకే నాకు అనుమానం. ఆ రెండు లక్షణాలూ కలిసి కనిపిస్తే రెండు ప్రశ్నలు వేయాలి: ఈ కారు ఎక్కడైనా ఢీకొందా? నీళ్లలో మునిగిందా?

మునక సంగతి ముందు. 2023 జూలై చివరలో వరంగల్, హనుమకొండ కాలనీల్లో నీళ్లు నిలిచినప్పుడు ఎన్ని బండ్లు మునిగాయో మీకు గుర్తుండే ఉంటుంది. సీట్లు ఉతకవచ్చు, తివాచీలు మార్చవచ్చు. బెల్టును చుట్టుకునే డబ్బా మాత్రం స్తంభం అడుగున, నేలకు దగ్గరగా, మూత వెనుక ఉంటుంది. శుభ్రం చేసేవారి చేయి అక్కడిదాకా పోవడం అరుదు. కాబట్టి బెల్టును మెల్లగా, చివరి అంగుళం దాకా బయటికి లాగండి. ఎప్పుడూ వెలుగు చూడని ఆ చివరి భాగం మీద బురద గీత, బూజు, ఇసుక రేణువులు ఉంటే కథ తెలిసిపోతుంది. తర్వాత ఒక్కసారి గట్టిగా గుంజండి. వెంటనే బిగిసి ఆగాలి.

ఢీకొన్న గుర్తులు పైన దొరుకుతాయి. బెల్టు డి-రింగ్ మీద తీవ్రంగా లాగినప్పుడు ఆ ప్లాస్టిక్ మీద చారలు, కరిగినట్టు మెరిసే గీతలు పడతాయి. బెల్టు అంచులు అలలుగా వంకర తిరుగుతాయి. లోపలి ఉక్కు పట్టా వంగితే జారుడు ముక్క ఇరుక్కుపోతుంది. మీ బటన్ కదలకపోవడానికి అది ఒక కారణం కావచ్చు. చాలా కార్లలో బెల్టుకు ప్రీ-టెన్షనర్ ఉంటుంది. చిన్న మందు పేలుడుతో బెల్టును క్షణంలో వెనక్కి లాగే ఏర్పాటు అది. ఒక్కసారే పనిచేస్తుంది, ఆ తర్వాత మొత్తం మార్చాలి. తాళం తిప్పినప్పుడు ఎయిర్‌బ్యాగ్ దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఇంకా పెద్ద అనుమానం, ఎవరో దాని నోరు నొక్కేశారన్నమాట.

స్క్రూడ్రైవర్ తీసుకుని మీరే ఆ మూత విప్పకండి. లోపల పేలుడు మందు ఉంది, పైన కొన్ని కార్లలో పక్క అద్దాల మీదికి తెరలా విచ్చుకునే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. అధీకృత సర్వీస్ సెంటర్‌లో చూపించి, బెల్టు మార్చడానికి అయ్యే ఖర్చు రాతపూర్వకంగా తీసుకోండి. ఆ కాగితం అమ్మేవారి ముందు పెట్టి ధర మాట్లాడండి. ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి, ఊళ్లో కార్లకు కొరత లేదు.

ప్రశ్న: మంచిర్యాల నుంచి. పక్క సీట్లో టిఫిన్ సంచి పెడితే చాలు, బెల్టు అలారం మోగుతోంది. దాన్ని ఆపే క్లిప్పు మిత్రుడు ఇచ్చాడు. సాఫ్ట్‌వేర్‌లో ఆపే వీలు ఉందా?

జవాబు: అలా ఆపే వీలు ఇవ్వకూడదనే 2019 జూలై నుంచి తయారయ్యే కార్లలో ముందు సీట్లకు ఈ అలారం తప్పనిసరి చేశారు. మీ మిత్రుడి క్లిప్పు లాంటివాటిని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఆన్‌లైన్ అంగళ్ల నుంచి తీసేయించింది. అప్పుడు తొలగించిన ప్రకటనలు 13,118. కొన్ని కార్లలో, బెల్టు నాలుకను గుచ్చే బకిల్ నుంచి వచ్చే సంకేతాన్ని ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ కూడా వాడుకుంటుంది. అందులో ఖాళీ క్లిప్పు గుచ్చితే, బెల్టు పెట్టుకోని మనిషిని పెట్టుకున్నట్టు దానికి నమ్మబలికినట్టే.

మీ సీటు కింది సెన్సర్‌కు సంచి బరువు మనిషిలా అనిపిస్తోంది. సంచిని సీటు ముందు కాళ్ల దగ్గర నేల మీద పెట్టండి, మోత ఆగుతుంది. సీటు ఖాళీగా ఉన్నా మోగుతుంటే సెన్సర్‌లోనో, సీటు కింద కదిలిన కనెక్టర్‌లోనో లోపం ఉంటుంది. అది సర్వీస్ సెంటర్ పని.