వైష్ణోదేవి బిళ్ళకు లక్షలు రావండి

మీ కిరాణా గల్లాలో మిగిలిన చిల్లర డబ్బా నిండా ఉందని, వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5 రూపాయల బిళ్ళకు లక్షలిస్తామని వీడియోలో చూశానని, ఏవి దాచాలో చెప్పమని అడిగారు కదా. ముందు ఆ లక్షల సంగతి మర్చిపోండి. 2012లో వేసిన ఆ బిళ్ళ చిల్లరలో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. బిళ్ళ కొంటాం, ముందు కమీషన్ కట్టండి అని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి, ఇలాంటి మోసాల గురించి రిజర్వు బ్యాంకే 2021లో హెచ్చరించింది.

ఒక అయస్కాంతం తీసుకుని కూర్చోండి. తెల్లటి బిళ్ళ దానికి అంటుకుంటే స్టీలు, అంటుకోకపోతే చాలావరకు పాత రాగి-నికెల్‌ది. బరువుగా, అంచు మధ్యలో గాడి ఉన్న పాత 5 రూపాయలు, భారతదేశం పటం ఉన్న పలకల 2 రూపాయలు అలాంటివే, ఇవి పక్కన పెట్టండి. తర్వాత సంవత్సరం కింద చూడండి, బిళ్ళ ఏ ఊరి టంకశాలలో తయారైందో అక్కడి గుర్తు చెబుతుంది: చుక్క ఉంటే నోయిడా, నక్షత్రం ఉంటే మన హైదరాబాద్, డైమండ్ ఉంటే ముంబై, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. ఒకే ఏడాదివి నాలుగూ జతచేయడం భలే సరదా, నేనైతే డబ్బు కోసం కాదు, ఇందుకే దాస్తాను. అచ్చు పక్కకు జరిగినవి, రెండు వైపులా ఒకే బొమ్మ పడ్డవి దొరికితే మాత్రం తెలిసినవాళ్ళకు చూపించకుండా అమ్మొద్దు.

చింతపండుతో తోమకండి బాబూ! మెరుపొస్తుంది కానీ విలువ పోతుంది. 50 పైసలు ఇప్పటికీ చెల్లుతాయి, 25 పైసలు 2011లోనే పోయాయి. మిగతావి గల్లాలో వేసేయండి.