టికెట్ రెండు ముక్కలు చేస్తే పైసలు మిగుల్తయా?

ప్రశ్న: నమస్తే అన్నా. మా బాబు ఇంగ్లండ్‌ల ఎంఎస్ చేస్తుండు. అక్కడ ట్రైన్ టికెట్ మొత్తానికి ఒకటే తీసుకోకుండ, మధ్యల ఏదో ఒక స్టేషన్ దగ్గర విడగొట్టి రెండు టికెట్లు తీసుకుంటే మస్తు తక్కువ పడ్తదట, ట్రైన్ అదే, మధ్యల దిగేది గూడ లేదట. మేం అయిదుగురం నారాయణాద్రిల తిరుపతి పోతున్నం, స్లీపర్‌ల, మా అత్తమ్మ గూడ వస్తది. మిర్యాలగూడ నుంచి గుంటూరుకు ఒకటి, గుంటూరు నుంచి తిరుపతికి ఒకటి తీసుకుంటే మాకు గూడ మిగుల్తదా? మా బాబు ట్రై చెయ్యమంటుండు. – ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: అక్కా, చెయ్యకుండ్రి. మీ బాబు చెప్పింది అక్కడికి నూటికి నూరు పాళ్ళు నిజం, కానీ మన దగ్గర అదే పని చేస్తే ఉల్టా మీకే ఖర్చు ఎక్కువైతది.

అక్కడ ఎందుకు మిగుల్తదంటే, బ్రిటన్‌ల రైళ్ళు నడిపేది ఒక్కరు కాదు, 1990లల ప్రైవేటుకు ఇచ్చినంక చానా కంపెనీలు వచ్చినయి, ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్‌కు ఎంత అనేది వేర్వేరు కంపెనీలు వేర్వేరుగ పెట్టుకుంటూ వచ్చినయి, కిలోమీటర్ల లెక్క అసలే లేదు. దానికి తోడు పొద్దున ఆఫీసు టైములకు రేటు ఎక్కువ, తర్వాత తక్కువ. లండన్‌ల రద్దీ టైముల బయల్దేరిన బండి కొంత దూరం పోయేసరికి ఆ టైము దాటిపోతది, అక్కడి నుంచి తక్కువ రేటు టికెట్ పనికొస్తది. లండన్ నుంచి బ్రిస్టల్ పోయేటోళ్ళు మధ్యల వచ్చే డిడ్‌కాట్ స్టేషన్ దగ్గర విడగొట్టుకునుడు అక్కడ చానా మందికి తెలిసిన సంగతే. ఇది దొంగతనంగ చేసేది గూడ కాదు, వాళ్ళ రూల్స్‌లనే 14వ నంబరు కండిషన్ కింద రాసి ఉన్నది, ఒక్కటే షరతు, టికెట్ మారే స్టేషన్‌ల ఆ బండి ఆగాలె. ఆగితే చాలు, మనం దిగనక్కర లేదు.

బాబుకు ఇంకో ముచ్చట చెప్పుండ్రి, ఇది పిల్లలకు చానా మందికి తెల్వదు. 16-25 రైల్‌కార్డ్ అని ఉంటది, 2025 నుంచి ఏడాదికి 35 పౌండ్లు, టికెట్ల మీద మూడో వంతు తగ్గుతది. వయసు 26 దాటినా ఫుల్‌టైమ్ చదువుతుంటే ఇస్తరు, ఉద్యోగం చేసి ఎంఎస్‌కు పోయిన మన పిల్లలకు ఇదే పెద్ద ఆసరా. కానీ ఆ కార్డు మీద సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున పది లోపల పోయేదైతే 12 పౌండ్ల మినిమమ్ ఛార్జీ ఉంటది, జులై, ఆగస్టుల లేదు, ముందుగాల బుక్ చేసుకునే అడ్వాన్స్ టికెట్లకు లేదు. అంటే పొద్దున పూట చిన్న చిన్న ముక్కలు చేస్తే ఒక్కో ముక్కకు ఆ మినిమమ్ అడ్డం పడి కార్డు డిస్కౌంట్ పోతది. ఇంక కొన్ని యాప్‌లు మిగిలిన దాంట్ల వాటా గూడ తీసుకుంటయి, చివరికి కట్టేది ఎంతనో చూసుకొని కట్టమనుండ్రి.

ఇగ మన లెక్కకొద్దాం. మన రైల్వేల దూరం పెరిగినకొద్దీ కిలోమీటరుకు పడే రేటు తగ్గుకుంట పోతది, టెలిస్కోపిక్ ఫేర్ అంటరు దాన్ని. బియ్యం బస్తా లెక్కన తెచ్చుకుంటే ఒక ధర, కిలో కిలో తెచ్చుకుంటే ఒక ధర ఉన్నట్టు. మీరు గుంటూరు దగ్గర విడగొడితే అక్కడ మీటర్ మళ్ళ మొదటి నుంచి, ఎక్కువ రేటు కాడి నుంచి మొదలైతది. అంతే కాదు, స్లీపర్‌ల ఎంత దగ్గర పోయినా కనీసం 200 కిలోమీటర్లకు కట్టాలె, మిర్యాలగూడ నుంచి గుంటూరు దాదాపు 130 కిలోమీటర్లే, పోని దూరానికి గూడ పైసలు కట్టినట్టు. థర్డ్ ఏసీ అయితే ఇంకా అన్యాలం, అండ్ల మినిమమ్ 300 కిలోమీటర్లు.

పై ఖర్చులు చూడుండ్రి. స్లీపర్ రిజర్వేషన్ ఛార్జీ మనిషికి 20, నారాయణాద్రి సూపర్‌ఫాస్ట్ గనక ఇంకో 30, ఇవి రెండో టికెట్‌కు మళ్ళ కట్టాలె. అయిదుగురికి 250 ఎక్స్‌ట్రా అయ్యింది, ఆన్‌లైన్‌ల బుక్ చేస్తే రెండో టికెట్‌కు యూపీఐ మీదైనా 10 రూపాయల కన్వీనియన్స్ ఫీజు, దాని మీద జీఎస్టీ, అంటే 260 దాటింది, ఇంక అసలు ఛార్జీల తేడా ఇండ్ల కలపనే లేదు. తత్కాల్‌ల అయితే అసలే వద్దు, స్లీపర్‌కు మనిషికి తక్కువల తక్కువ 100 తత్కాల్ ఛార్జీ ఉంటది, రెండు ముక్కలైతే రెండుసార్లు.

అత్తమ్మ గురించి రాసిండ్రు గనక చెప్తున్న, ఇదివరకు 58 దాటిన ఆడోళ్ళకు టికెట్‌ల సగం రాయితీ ఉండె, మొగోళ్ళకు 60 దాటితే 40 శాతం. 2020 మార్చి 20 నుంచి ఆపేసిండ్రు. ఏడాదికోసారి తిరుపతో ఇంకో తీర్థమో పోవాలనుకునే ముసలోళ్ళకు దాని విలువ ఎంతనో ఇంట్ల వాళ్ళకే తెలుస్తది, అది మళ్ళ ఇయ్యాలె అని నేను గట్టిగ అనుకుంట.

ప్రశ్న: అన్నా, మాది మహబూబ్‌నగర్. ఢిల్లీకి పోవాలె, ఇక్కడి నుంచి ఒక బండి, సికింద్రాబాద్‌ల ఇంకో బండి, రెండు టికెట్లు. మొదటిది లేటయ్యి రెండోది పోతే మా పైసలు మునిగినట్టేనా? – ఒక పాఠకుడు

జవాబు: మునగవు తమ్మీ, కానీ ముందుగాల ఒక పని చెయ్యాలె. 2019 ఏప్రిల్ 1 నుంచి రెండు పీఎన్‌ఆర్‌లను లింక్ చేసుకునే పద్ధతి వచ్చింది. ముందే కనెక్టింగ్ జర్నీ అని పెట్టుకోవాలె, రెండు టికెట్లల పేర్లు, వయసులు ఒక్క తీరే ఉండాలె. అప్పుడు మొదటి బండి లేటయ్యి రెండోది తప్పిపోతే, రెండో టికెట్ పైసలు క్యాన్సిలేషన్ ఛార్జీ కోసుకోకుండ ఇస్తరు. మొదటి బండి వచ్చిన మూడు గంటల లోపలనే కౌంటర్ టికెట్ అయితే కౌంటర్ల ఇయ్యాలె, ఈ-టికెట్ అయితే టీడీఆర్ (పైసలు వాపస్ అడిగే ఆన్‌లైన్ దరఖాస్తు) వెయ్యాలె, తర్వాత చూద్దాంలే అనుకుంటే రాదు. చానా మంది మహబూబ్‌నగర్ నుంచి పట్నం దాకానే గదా అని జనరల్ టికెట్ తీసుకొని ఎక్కుతరు, అది అగ్గువనే, కానీ దానికి పీఎన్‌ఆర్ ఉండదు, పీఎన్‌ఆర్ లేకపోతే లింక్ లేదు. జనరల్‌ల పోవాలనుకుంటే ఒక బండి ముందే పోయి సికింద్రాబాద్‌ల కూసోండ్రి.

ప్రశ్న: స్వామి శరణం. మేం నల్లగొండ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్‌ల చెంగన్నూర్ పోతం, సీజన్‌ల ఎప్పుడు చూసినా వెయిటింగే. తిరుపతి దగ్గర విడగొట్టి రెండు టికెట్లు తీస్తే కన్ఫర్మ్ అయితదని ఒకరు చెప్పిండ్రు. – ఒక గురుస్వామి, నల్లగొండ

జవాబు: స్వామీ, అది నిజమే, మన దగ్గర టికెట్ విడగొట్టుడు పనికొచ్చేది దీనికే, బెర్తు కోసం. నల్లగొండ నుంచి చెంగన్నూర్ దాకా ఖాళీ లేకున్నా తిరుపతి దాకా ఒక కోటాల, అక్కడి నుంచి ఇంకో కోటాల దొరకొచ్చు. ఖర్చు ఎక్కువైతది, అది తెలిసే తీసుకోండ్రి. బోగీ గూడ మారాల్సి రావచ్చు, ఇరుముళ్ళు నెత్తిన పెట్టుకొని, చిన్న మణికంఠ స్వాములను చేతులు పట్టుకొని, బండి ఆగిన ఆ కొద్దిసేపట్ల ఎస్ 2 నుంచి ఎస్ 9కి పోవుడంటే మాటలు కాదు.

దానికంటే ముందు ఇంకోటి ప్రయత్నం చెయ్యండ్రి. బండి మొదలయ్యే సికింద్రాబాద్ నుంచే చెంగన్నూర్‌కు టికెట్ తీసి, బోర్డింగ్ పాయింట్ నల్లగొండ పెట్టండ్రి. మొదటి స్టేషన్ నుంచి కోటా ఎక్కువ ఉంటది, వెయిటింగ్ వచ్చినా మధ్య స్టేషన్ల వెయిటింగ్ కంటే అది తొందరగ కదుల్తది. దాదాపు 110 కిలోమీటర్లకు ఎక్కువ కట్టాలె గానీ, పైన అక్కకు చెప్పిన లెక్కనే ఇక్కడ మీకు మేలు చేస్తది, అంత పొడుగు ప్రయాణంల ఆ 110 కిలోమీటర్లు తక్కువ రేటుకే పడ్తయి. బోర్డింగ్ మాత్రం బుకింగ్ చేసేటప్పుడే మార్చుకోండ్రి, లేకపోతే సికింద్రాబాద్‌ల ఎక్కలేదని టీటీఈ మీ బెర్తులు వేరేటోళ్ళకు ఇచ్చేస్తడు. 2024 నవంబర్ 1 నుంచి బుకింగ్ 120 రోజుల ముందు కాదు, 60 రోజుల ముందే తెరుస్తుండ్రు, పొద్దున 8 గంటలకు. మాల ఎప్పుడు వేసుకున్నా సరే, పోయే తారీకు తేలంగనే 60 రోజులు వెనక్కి లెక్కపెట్టి ఆ పొద్దున ఇద్దరు ముగ్గురు స్వాములు ఫోన్లు పట్టుకొని కూసోండ్రి, ఒక్కో టికెట్ మీద ఆరుగురికే వస్తది గనక పేర్లు ముందే పంచుకోండ్రి.